తుపాకుల కార్ఖానా సైకిళ్ళ సహకార సంఘమైన కథ
(పాల ఉత్పత్తిదారుల సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏటి మిగులు మొత్తాన్ని బోనసుగా పంచివేయాలని కొందరు సభ్యులు అర్జీ పెట్టుకున్నారు. దానిపై మీరు చేతులెత్తే ముందు ఒక సైకిళ్ళ కంపెనీ సంగతి చెబుతాను. పాల సంఘానికి సైకిళ్ళతో పనేమిటని అనుకోకండి.

స్పెయిన్ దేశంలోని బాస్క్ ప్రాంతంలో, కొండల నడుమ ఎయిబార్ అనే పట్టణం ఉంది. 1840లో ఓర్బేయా ఇంటిపేరు గల తోబుట్టువులు అక్కడ తుపాకుల కార్ఖానా పెట్టారు. ఆ ఊళ్ళో చాలామంది వృత్తి అదే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత తుపాకులకు గిరాకీ పడిపోయింది. అయితే చేతిలో ఉన్న పనితనం ఎక్కడికి పోతుంది? తుపాకికి కావలసింది ఉక్కు గొట్టం, సైకిలు చట్రానికి కావలసిందీ ఉక్కు గొట్టమే. 1930ల నాటికి ఓర్బేయావారు సైకిళ్ళు చేయసాగారు.

1960లలో జనం మోపెడ్లకు, చిన్న కార్లకు అలవాటు పడ్డారు. 1969లో యజమానులు కంపెనీని వదిలించుకోదలచారు. అప్పుడు దానిని కొన్నది మరో షావుకారు కాదు. అందులో పనిచేసేవారే కొని, సహకార సంఘంగా మార్చుకున్నారు.

వారికి దారి చూపిన ఊరు దగ్గరలోనే ఉంది. దాని పేరు మొండ్రగోన్. అక్కడ అరిస్మెందియరియెటా అనే మతగురువు 1943లో వృత్తి విద్యా పాఠశాల పెట్టారు. 1956లో ఆయన శిష్యులు అయిదుగురు ఒక ఉత్పత్తి సంఘం స్థాపించారు. 1959లో సంఘాలకు సొంత బ్యాంకు ఏర్పడింది. ఓర్బేయా నేటికీ ఆ కూటమిలోనిదే.

అక్కడి పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి. చేరే ప్రతి సభ్యుడూ మూలధనం కట్టాలి. చిన్న వాటా కాదు, నెలల తరబడి జీతంలో కోసుకుంటారు. ఓటు మాత్రం మనిషికి ఒకటే. లాభంలో ఒక భాగం ఎవరూ పంచుకోరాని నిధికి పోతుంది. సభ్యుని భాగాన్ని చేతికివ్వరు, అతని ఖాతాలో జమ వేస్తారు. వడ్డీ ఇస్తారు. అసలు మాత్రం సంఘాన్ని విడిచినప్పుడే. నష్టం వస్తే అదే ఖాతాలో కోత పడుతుంది! మన సభ్యులు దీనికి ఒప్పుకుంటారా అంటే నాకు అనుమానమే.

అలా నిలిచిన డబ్బుతోనే కొత్త యంత్రాలు, కొత్త నమూనాలు వస్తాయి. 1985లో పెద్రో దెల్గాదో స్పెయిన్ దేశపు పెద్ద సైకిలు పందెం గెలిచినప్పుడు అతని జట్టు పేరులో ఓర్బేయా ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రోడ్డు పందెంలో సామ్యుయెల్ సాంచెజ్, కొండదారి పందెంలో ఫ్రాన్సు దేశస్థుడు జూలియన్ అబ్సలోన్ ఈ సంఘంవారి సైకిళ్ళ మీదనే బంగారు పతకాలు సాధించారు. ఇప్పుడు శిరస్త్రాణాలు, పందెగాళ్ళ దుస్తులు కూడా అమ్ముతున్నారు.

అంతా బాగుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. ఆ కూటమిలోనే గృహోపకరణాలు చేసే ఫాగోర్ సంఘం 2013లో దివాలా తీసింది. అప్పులు పేరుకుపోయాయి, అమ్మకాలు పడిపోయాయి. తోటి సంఘాలు కొంతకాలం ఆదుకుని, చివరకు ఇక ఇవ్వలేమన్నాయి. సభ్యుల మూలధనం పోయింది. నిధులు ఉంటే చాలదు, నెలనెలా లెక్క చూసుకోవాలి.

ఇక మన మిగులు విషయం అజెండాలో నాలుగవ అంశం. జమా ఖర్చులు కార్యదర్శిగారు చదువుతారు. పాలు చల్లబరిచే యంత్రానికి ఎంత కావాలో అదే కాగితంలో రాసి ఉంది. ఆ అంకె కూడా గట్టిగా చదవమని వారిని కోరుతున్నాను.