న్యాయాధిపతి: అనుభవము, సామర్థ్యము



తాడ్వాయి వంటి పల్లెనుండి కామారెడ్డి న్యాయస్థానమునకు పోవు రైతునకు చట్టముల పేర్లు తెలియకపోవచ్చును. అతడు తెలిసికొనగోరునది ఒక్కటే: పీఠముపై కూర్చున్నవారు తన మాట విందురా? ఈ ప్రశ్నయే న్యాయాధిపతి సామర్థ్యమునకు గీటురాయి.

చట్టము తెలియుట వేరు, న్యాయము తీర్చుట వేరు. సెక్షన్లు పుస్తకములలో దొరకును. వానిని ఎచ్చట, ఎంతవరకు వర్తింపజేయవలెనో అనుభవమే నేర్పవలెను. మన ప్రాంతమున తరచు వినవచ్చు సాదాబైనామా తగాదానే తీసికొనుడు. తెల్లకాగితముపై అమ్మకము వ్రాసికొనిరి, రిజిస్ట్రేషను లేదు. నూరు రూపాయలు గాని అంతకు మించి గాని విలువగల భూమిపై అట్టి కాగితము హక్కును కలిగింపదని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము చెప్పుచున్నది. తొందరపడువాడు అంతటితో కాగితము మడిచివేయును. అనుభవశాలి మరియొక పుట త్రిప్పును. భూమి ఎవరి స్వాధీనమున నున్నదను విషయమువరకు దానిని చూచుటకు అదే చట్టపు 49వ సెక్షను త్రోవ చూపుచున్నది. అయితే స్టాంపు రుసుము, జరిమానా ముందుగా చెల్లింపవలెను. పిమ్మట ఆయన పహాణీలు చూచును, ఇరుగుపొరుగు రైతుల సాక్ష్యము వినును.

సాక్ష్యము వినుట గొప్ప విద్య. పై న్యాయస్థానమునకు కాగితములు చేరునే కాని సాక్షి ముఖము చేరదు. కావుననే సాక్షి ధోరణిని గూర్చి తాను గమనించినది వ్రాసియుంచుటకు సివిలు ప్రొసీజరు కోడు 18వ ఆర్డరు, 12వ రూలు న్యాయాధిపతికి అధికార మిచ్చినవి. కాని తడబాటెల్ల అబద్ధము కాదు. ఎన్నడును బోనెక్కని ముసలితల్లి సత్యమునే భయపడుచు చెప్పును. బోనునకు అలవాటుపడినవాడు అసత్యమును అనర్గళముగా చెప్పును. ఈ భేదము నెరుగుట ఏ పరీక్షవలనను రాదు.

అట్టి క్రింది మెట్టునుండి పైమెట్టు వరకు నడచిన తెలంగాణపు న్యాయమూర్తి శ్రీ పి. జగన్మోహనరెడ్డిగారు. 1910లో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, బారిస్టరై, 1937లో హైదరాబాదున న్యాయవాదవృత్తి నారంభించిరి. నాటి న్యాయస్థానముల భాష ఉర్దూ. పల్లెరైతు భాష తెలుగు. జిల్లా న్యాయాధిపతిగా పనిచేసి, 1952లో హైకోర్టు న్యాయమూర్తియై, 1966లో ఆంధ్రప్రదేశ్ ప్రధాన న్యాయమూర్తియై, 1969లో సుప్రీంకోర్టున కేగిరి.

1973 ఏప్రిలు 24న వెలువడిన కేశవానంద భారతి తీర్పులో వారి పాలు గొప్పది. 13 మంది న్యాయమూర్తులు 68 దినములు వాదములు వినిరి. రాజ్యాంగపు మౌలిక స్వరూపమును పార్లమెంటు సవరణచేత మార్పజాలదని ఏడుగురు తేల్చిరి, ఆరుగురు విభేదించిరి. ఆ ఏడుగురిలో జగన్మోహనరెడ్డిగారొకరు. ఒక్కరి మొగ్గుతో తేలిన వ్యవహారమది. తమ అనుభవములను వారు ఆంగ్లమున గ్రంథముగా వ్రాసిరి. అది 1999లో వెలువడినది. తాము సేవించిన న్యాయవ్యవస్థ యని దాని పేరునకు అర్థము. పదవిని ఏలుబడిగా గాక సేవగా తలచుట ఆ పేరులోనే కలదు.

ఢిల్లీ పీఠమునకును కామారెడ్డి పీఠమునకును సమానమైన ధర్మములు రెండు: ఇరుపక్షములను వినుట, కారణములు చెప్పుట. తీర్పులో వివాదాంశములను, నిర్ణయమును, అందులకు కారణములను వ్రాయవలెనని అదే కోడు 20వ ఆర్డరు శాసించుచున్నది. గెలిచినవాడు కారణములు చదువకపోవచ్చును, ఓడినవాడు చదువును. తన వాదము ఏల నిలువలేదో అతనికి తెలిసిననాడే న్యాయస్థానముపై నమ్మకము నిలుచును. 2023 జూనులో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగున తీర్పు నిచ్చినది. ఓడినవానికి సైతము అర్థమగు తీర్పునకు అది మంచి మార్గము.

ఇక గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. తెలుగు రాజ్యాంగ ప్రతిని, భూమిచట్టముల పుస్తకములను బీరువాలో దాచక బల్లపై నుంచవలెను. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము పొందు హక్కు 1987 నాటి చట్టము 12వ సెక్షనున కలదని పాఠకులకు తెలుపవలెను. ఎంత సమర్థుడైన న్యాయాధిపతియైనను తన యెదుటికి వచ్చినవానినే వినగలడు. ఆ గడపవరకు త్రోవ చూపుట గ్రంథాలయము వంతు.