ముసర రోగము నశించిన విధము



కాడియెద్దు కూలినచో కాపురమే కూలునని మీకు వేరుగ జెప్ప బనిలేదు. ముసర యనియు, పెద్దజాడ్యమనియు పిలువబడిన రోగము ఒక్క యెద్దునుగాక దొడ్డినంతటిని తుడిచిపెట్టెడిది. తీవ్రజ్వరము, కంటను ముక్కునను చీము, నోట పుండ్లు, పిమ్మట దుర్గంధముతో గూడిన పారుడు. పలుమారు పది పండ్రెండు దినములలోపల పశువు నేలకొరగుచుండెను. ఆ రోగమిప్పుడు పశువులలో నెచ్చటను లేదు. అది భూమిపై నశించినదని 2011వ సంవత్సరమున ప్రకటింపబడెను. మశూచికము తరువాత మానవుడు నిర్మూలించిన రెండవ వ్యాధి యిదియే. ఇది యెట్లు సాధ్యమయ్యెనో తెలిసికొన్నచో, మన దొడ్లలో నింకను మిగిలియున్న రోగముల విషయమున చేయదగిన పని తేటపడును.

1889లో పూనా పట్టణమున నొక పశురోగ పరిశోధనాలయము స్థాపింపబడెను. రోగబీజములతో బనిచేయు చోటు జనపశు సమ్మర్దమునకు దూరముగ నుండవలయునని, 1893లో దానిని కుమావూ కొండలలోని ముక్తేశ్వరమునకు మార్చిరి. 1920, 1930 సంవత్సరముల నడుమ అచ్చట ఎడ్వర్డ్సు అను శాస్త్రజ్ఞుడు ముసర రోగబీజమును ఒక మేకనుండి మరియొక మేకకు పలుమార్లెక్కించుచు బోయెను. అట్లు మేకలలో బెరిగి అది పశువులను జంపు శక్తిని చాలవరకు గోల్పోయెను. రోగమునుండి కాపాడు గుణమును మాత్రము గోల్పోలేదు. ఇదియే మేకటీకా. మన నాటుపశువుల కిది బాగుగ నుపకరించెను. అయితే సంకరజాతి పశువులకును, బలహీనమైన వానికిని తీవ్రమైన జ్వరము దెచ్చుచుండెను. ఈ లోపమును 1960 ప్రాంతమున కెన్యా దేశమున వాల్టర్ ప్లోరైట్ తీర్చెను. ఆయన రోగబీజమును దూడ మూత్రపిండ కణములయందు బెంచి, అన్ని జాతుల పశువులకు క్షేమకరమైన టీకాను సిద్ధపరచెను.

కాని సీసాలోని మందు తనంతట తాను రోగము నాపజాలదు. 1954 నుండి మన దేశమున టీకాల వారు ఊరూర దిరిగిరి. రైతులు పశువులను దోలుకొనివచ్చిరి. కడపటి ముసర 1995లో గనబడెను. 2006లో మన దేశము ఆ రోగమునుండి విముక్తమైనదని ప్రకటింపబడెను.

నేడు గాలికుంటు మిగిలియున్నది. దాని రోగబీజము పలు తెగలది. టీకాబలము కొన్ని నెలలకే తగ్గును. కావున ఆరు మాసముల కొకమారు టీకా వేయింపక తప్పదు. గొర్రెలకు మేకలకు వచ్చు పారుడు రోగము ముసరకు దగ్గరి చుట్టము. ఒక్క టీకా కొన్ని యేండ్లు కాపాడును. కావున దీనినిగూడ నిర్మూలింపవచ్చునని శాస్త్రజ్ఞులు నమ్ముచున్నారు.

టీకా వేసిన పిదప ఒకటి రెండు దినములు పాలు తగ్గవచ్చును. గాలికుంటు సోకినచో ఆ యీతపాలే పోవచ్చును. దుక్కి యదనున ఎద్దు కుంటుపడును. ఏది మేలో మీరే యెంచుడు.

కావున టీకా దినమున ఒక్క పశువునైనను దాచకుడు. సంతలో గొన్నదానిని మూడు వారములు వేరుగ గట్టుడు. రోగమున్నదానిని సంతకు దోలకుడు. అట్లు చేసినవాడు తన నష్టమును పొరుగూరికి బంచినవాడగును. నోట పుండ్లు గాని పారుడు గాని కనిపించిన తక్షణమే పశువైద్యునకు దెలుపుడు. ముసర పోయినది శాస్త్రజ్ఞుని బుద్ధిచేతను, రైతు సహకారముచేతను. రెండవది మీ చేతిలో నున్నది.