వేలిముద్రకు తాళము



మన పెద్దలు వేలిముద్ర వేయడానికి జంకేవారు. తెల్లకాగితం మీద ముద్ర వేయించుకొని, పైన తనకు తోచిన అంకె వ్రాసుకొనే షావుకార్లు ఉండేవారని వారికి తెలుసు. ఆ జంకు మనలో తగ్గింది. రేషను బియ్యానికి వేలు పెడతాం, సిమ్ముకు పెడతాం, బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకోడానికీ పెడతాం. బ్యాంకు దూరంగా ఉన్న పల్లెలకు ఈ సదుపాయం మేలు చేసిన మాట నిజమే. కాని ఒక సంగతి గమనించండి. ఆ పద్ధతిలో డబ్బు తీయడానికి కావలసినవి మూడే: ఆధార్ అంకె, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఓటీపీ రాదు, పిన్ను అడగరు.

ముద్ర దొంగకెలా దొరుకుతుందంటారా? 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులమ్మే ఒకతను పట్టుబడ్డాడు. భూముల రిజిస్ట్రేషను దస్తావేజుల నకళ్ళు ఇంటర్నెట్టులోంచి తీసి, వాటి మీది వేలిముద్రలను రబ్బరు స్టాంపులా అచ్చుపోసి, వేలకొద్దీ సిమ్ములు ఇతరుల పేర పుట్టించాడు. పొలం కొన్నవారి, అమ్మినవారి ముద్రలే అవి! తరువాత ఇదే ఎత్తుతో బ్యాంకు ఖాతాలకూ కన్నం వేశారు. పెట్టినది నిజమైన వేలా, బొమ్మ వేలా అని చూచే పరీక్షను 2023లో ఆధార్ సంస్థ ప్రవేశపెట్టింది. మంచిదే; అంతమాత్రాన తలుపు తీసి పడుకోలేము.

బొమ్మ వేలు అక్కరలేని మోసమూ ఉంది. "సర్వరు పనిచేయలేదమ్మా, మళ్ళీ పెట్టు" అని రెండుసార్లు వేలు పెట్టించి, ఒకసారి డబ్బు చేతికిచ్చి, రెండోది తాను ఉంచుకోవడం. మళ్ళీ పెట్టమంటే, మొదటిది తప్పిందన్న రశీదు చూపించమనండి. మిషను మీద అంకె మీరే చూడండి, చదవలేకపోతే బడికి వెళ్ళే పిల్లను వెంట తీసుకువెళ్ళండి. సర్వే అని, పథకమని ఇంటికొచ్చి వేలు పెట్టమన్నవారికి పెట్టకండి. పి.ఎం. కిసాన్ 2,000 రూపాయలు ఆగిపోయాయి, ఈ ఫైలు తెరవండి అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే తాకనే వద్దు. అది తెరిస్తే మీ ఓటీపీలు వాడి చేతికి పోవచ్చు.

ఇక తాళం సంగతి. ఆధార్ సంస్థవారి వెబ్‌సైటులోగాని, వారి యాప్‌లోగాని "బయోమెట్రిక్ లాక్" అనే సదుపాయముంది, రుసుము లేదు. అది వేస్తే, మీరు తీసేదాకా మీ ముద్రతో ఎవరూ పని జరుపలేరు. అందుకు మీ ఫోను నంబరు ఆధార్‌కు కలిపి ఉండాలి. లేకపోతే ఆధార్ కేంద్రంలో కలిపించుకోండి. సందేహముంటే 1947కు ఫోను చేసి అడగవచ్చు. నకలు ఇవ్వవలసిన చోట, వీలైనంతవరకు, చివరి నాలుగంకెలు మాత్రం కనబడే ఆధార్ ఇవ్వండి.

మీకు తెలియకుండా డబ్బు పోయిందా, అక్కడికక్కడే 1930కి ఫోను చేయండి. డబ్బు చేతులు మారకముందే తెలిస్తే ఆ ఖాతాలో నిలిపివేయించే అవకాశముంటుంది. పరువు పోతుందని దాచి, వారం తర్వాత చెబితే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లే.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. రైతుకు తాళం వేయించేటప్పుడు, తీయడం కూడా అతని చేతనే చేయించి చూపండి. తాళం పడివుంటే రేషను దుకాణంలో వేలు పనిచేయదు. ముసలమ్మ సంచి పట్టుకొని ఒట్టిచేతులతో తిరిగొచ్చిందంటే, మర్నాటికి ఊళ్ళో ఎవరూ తాళం వేయించుకోరు.