కంభం చెరువు అక్కడే ఎందుకుంది?

ఎక్కడెక్కడి ఊళ్ల గురించో చెప్తావు, మీ ఊరి వైపు ఎప్పుడొస్తావన్నా అని చాలామంది అడుగుతున్నారు. సరే, ఈరోజు మా వైపే. గిద్దలూరుకీ మార్కాపురానికీ మధ్యలో ఉండే కంభం.

ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం మా నాయన చేసిన ఒక ఫోన్. నేనప్పుడు హైదరాబాద్‌లో ఇంకా ఉద్యోగంలోనే ఉన్నా. "మన రెండెకరాలు అడుగుతున్నారు రా, ఇచ్చేద్దామా?" అన్నాడు. కంభం చెరువు ఆయకట్టులో చిట్టచివర ఉంటది ఆ చేను. చెరువు నిండితే మాకు చివర్లో నీళ్లొస్తాయి, నిండకపోతే రావు. "నీ ఇష్టం నాయనా" అన్నా. "నా ఇష్టం కాదు. నువ్వు ఇంజనీరువి కదా, ఆ చెరువు సంగతేందో చూసి చెప్పు" అన్నాడు.

నేను చదివింది కంప్యూటర్ సైన్స్ అండి. చెరువు గురించి నాకేం తెలుసు? కానీ ఆ మాట వదల్లేదు నన్ను. చదవడం మొదలుపెట్టా.

ముందు జాగ్రఫీ చూద్దాం. పడమట నల్లమల, తూర్పున వెలిగొండలు, మధ్యలో మనం. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ఈ లోయలోకి దిగి, కొండల మధ్య సందులు వెతుక్కుంటూ ఒంగోలు వైపు పోయి సముద్రంలో కలుస్తుంది. కంభం దగ్గర అలాంటి సందు ఒకటుంది. రెండు కొండలు దగ్గరగా వచ్చి, మధ్యలో ఏటికి మాత్రమే దారి వదిలాయి. ఆ సందులో కట్ట వేశారు. కట్ట ఎత్తు సుమారు 57 అడుగులు, అంటే ఐదంతస్తుల మేడంత. దాని వెనక నీళ్లు సుమారు 7 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పున నిలబడతాయి. చిన్న కట్టకి అంత పెద్ద చెరువు! మిగతా గోడ పని కొండలే చేస్తున్నాయన్నమాట.

ఎవరు కట్టించారు? మా జేజిని అడిగినా, కంభం బస్టాండులో ఎవరిని అడిగినా ఒకటే పేరు చెప్తారు, వరదరాజమ్మ. గజపతుల ఆడబిడ్డ, విజయనగరానికి కోడలుగా వచ్చిందని కథ. కథని కథగానే చెప్తున్నా. ఐదొందల ఏళ్ల కిందటి చెరువు అని మాత్రం సాధారణంగా లెక్క వేస్తారు.

మరి అప్పుడు ఈ చోటు ఎంచుకోవడం అదృష్టమా, లెక్కా? దీనికి జవాబు మనకి దక్షిణాన, కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక రాతి మీద ఉంది. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు తవ్వించి శాసనం వేయించాడు. మంచి చెరువుకి 12 లక్షణాలు ఉండాలి, 6 దోషాలు ఉండకూడదు అని అందులో రాశారు. నీళ్ల శాస్త్రం తెలిసినవాడు ఉండాలి, నేల గట్టిగా ఉండాలి, మంచినీటి ఏరు ఉండాలి, కొండల మధ్య రాతికట్ట పొడవు తక్కువగా, దిట్టంగా ఉండాలి. మా ఆఫీసులో ప్రాజెక్ట్ మొదలయ్యే ముందు ఒక స్పెసిఫికేషన్ డాక్యుమెంట్ ఇస్తారు. ఇది అదే అండి, రాయి మీద! కాబట్టి కంభం కట్ట వేసినవాళ్లు ఎవరైనా సరే, ఈ ప్రాంతంలో ఆ విద్య అప్పటికే ఉంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ ఈ రెండు చెరువులకీ వారసత్వ కట్టడాలుగా గుర్తింపు ఇచ్చింది.

ఇప్పుడు రాయి సంగతి. ఇక్కడి లోయల్లో కింద ఉండేది పలకరాయి. చిన్నప్పుడు మనం అ ఆ లు దిద్దిన పలక ఉంది కదా, మార్కాపురం పలక, ఆ రాయే. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతపు రాళ్ల మీద పుస్తకం రాశాడు. ఆ రాతి పొరలకి పెట్టిన పేరేంటో తెలుసా? కంభం పేరే. ఇవాళ్టికీ జియాలజీ పుస్తకాల్లో "కంభం ఫార్మేషన్" అనే ఉంటది.

కానీ ఆ రాయితో మాకో చిక్కుంది. దాంట్లో పగులు దొరికితేనే నీళ్లు, లేకపోతే ఎంత లోతుకి పోయినా దుమ్మే. మా చేనులో మూడు బోర్లు వేశాం. కొబ్బరికాయతో పాయింట్ పెట్టించాం కూడా. మూడుసార్లూ బూడిదరంగు పొడే వచ్చింది. మూడోసారి నాయన ఆ పొడి చేతిలోకి తీసుకుని, "పలకలకి పనికొస్తది" అని నవ్వాడు. ఆ బోరు అప్పు నేను ఉద్యోగంలో చేరాక తీర్చాం.

బోరు కాకపోతే ఇక చెరువే దిక్కు. మరి చెరువు నిండుతుందా? ఇక్కడ నాకు తెలిసిన పని ఒకటి చేశా, లెక్క. చెరువుకి నీళ్లు వచ్చే పరివాహక ప్రాంతం సుమారు 1,110 చదరపు కిలోమీటర్లు. ఆయకట్టు సుమారు 10,300 ఎకరాలు, అంటే 42 చదరపు కిలోమీటర్లు. భాగించండి. ఒక ఎకరం తడవాలంటే ఇరవై ఆరు ఎకరాల మీద పడ్డ వాన కావాలి. అంటే కట్టినవాళ్లకి తెలుసు ఇది వానలు తక్కువ ఉన్న దేశమని. అయినా నల్లమలలో గట్టి వాన పడని ఏడాది, ఆ లెక్క కూడా ఏం చేయలేదు. పైగా ఇన్నేళ్ల పూడిక ఉంది.

ఇదే ఆలోచన ఇప్పుడు ఇంకోసారి జరుగుతోంది. వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల, ఈ మూడు సందుల్లో కట్టలు వేసి నల్లమలసాగర్ చేశారు. సామర్థ్యం 53.85 టీఎంసీలు. తేడా ఏంటంటే ఈసారి వాన మీద కాకుండా, శ్రీశైలం వెనక నీళ్లని నల్లమల కింద నుంచి రెండు సొరంగాల్లో తేవాలి. ఒక్కొక్కటీ 18.8 కిలోమీటర్లు. ఒకటి తవ్వడం 2021కి, రెండోది 2024కి పూర్తయింది. ఆ నీళ్ల కోసం గుండంచర్ల లాంటి 11 ఊళ్లు ఖాళీ చేయాలి. మా నాయన రెండెకరాలకే రాత్రిళ్లు నిద్రపోలేదు. వాళ్లు ఊరు ఊరే వదలాలి. ప్రాజెక్టు రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి, కాబట్టి వాళ్లకి ఇవ్వాల్సింది ముందు ఇవ్వాలని అడగాల్సిందీ మనమే.

సరే, నాయనకి ఏం చెప్పానంటారా? "ఇంకో బోరు వద్దు నాయనా. చెరువు నిండిన ఏడాది వరి వేద్దాం, నిండని ఏడాది కంది వేద్దాం. అమ్మొద్దు" అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇది చెప్పడానికి ఇంజనీరింగ్ దేనికి రా, మీ జేజి కూడా ఇదే చెప్పింది" అన్నాడు.

చేను ఇంకా మాదే అండి. కంభం వెళ్తే కట్ట మీద ఒక్కసారి నిలబడి, రెండు పక్కలా కొండల్ని చూడండి. మీ ఊరి చెరువు అక్కడే ఎందుకుందో పెద్దవాళ్లని అడిగి నాకు రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.