ఒక్క మాట పట్టుకొని కోర్టుకెక్కిన రిపోర్టర్
(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని చూడంగనే తమ్ముళ్లు అడిగే మాట ఒక్కటే. ‘అన్నా, లా చదివి టీవీ మైకు పట్టుకుంటే ఆ చదువు పాడు గాదా?’ అని. ఇంట్ల అమ్మానాయినలు కూడా గిదే అడుగుతరు. దీనికి జవాబుగా ఇయ్యాల ఒక రిపోర్టర్ ముచ్చట చెప్తం. మనోడు కాదు, అమెరికా ఆయన. పేరు కార్ల్ స్టెర్న్.

క్లీవ్‌లాండ్ నగరంలో వార్తల కొలువు చేసుకుంటనే ఆయన లా పట్టా తీసుకున్నడు. 1967 నుంచి 1993 దాకా ఎన్‌బీసీ టీవీల పనిచేసిండు. సుప్రీంకోర్టు, న్యాయశాఖ ఆయన బీటు. అక్కడి సుప్రీంకోర్టు హాల్లోకి కెమెరాను రానియ్యరు. తీర్పు కాగితం చేతికొస్తది. దాన్ని గబగబ చదివి, రేపు మామూలు మనిషి బతుకుల ఏం మారుతదో రెండు నిమిషాల్లో చెప్పాలె. పెద్దకోర్టు ఒక అప్పీలును విచారణకు తీసుకోకుంటే, కింది కోర్టు తీర్పు సరైనదని చెప్పినట్టు కాదు. గీ తేడా తెల్వకుంటే వార్తే తప్పయితది. లా చదువు మొదట అక్కరకొచ్చేది ఇక్కడ.

అసలు కథ ఇంకోటుంది.

1971 మార్చి 8 రాత్రి. దేశమంతా మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ బాక్సింగ్ పోటీ మీద పడ్డది. అదే రాత్రి పెన్సిల్వేనియాలోని మీడియా అనే చిన్న పట్నంలో కొందరు యుద్ధ వ్యతిరేకులు ఎఫ్‌బీఐ ఆఫీసు తాళం తీసి, ఫైళ్లన్నీ ఎత్తుకపోయిండ్రు. వాటి నకళ్లు పత్రికలకు పంపిండ్రు. ఆ కాగితాల్లో ఒక చీటీ మీద ‘కోయిన్‌టెల్‌ప్రో’ అని రాసుంది. అదేందో ఎవరికీ తెల్వదు.

1972లో ఆ చీటీ స్టెర్న్ కంట్లపడ్డది. గా మాటకు అర్థమేందని అధికారులను అడిగిండు. చెప్పమన్నరు. ఇంకొకరైతే ‘అధికారులు స్పందించలేదు’ అని రాసి ఊకునేటోళ్లు. స్టెర్న్ ఊకోలేదు. 1966లో అమెరికాలో సమాచార స్వేచ్ఛ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఉత్తరం రాసిండు. కాదన్నరు. 1973లో దావా వేసిండు. అదే ఏడు సెప్టెంబర్‌లో జడ్జి బారింగ్టన్ పార్కర్ ఆయన దిక్కు తీర్పిచ్చిండు. డిసెంబర్‌లో మొదటి కాగితాలు బయటికొచ్చినయి. తర్వాతి ఏడు మరికొన్ని వచ్చినయి.

ఏముంది వాటిల్ల? 1956 నుంచి 1971 దాకా ఎఫ్‌బీఐ గుట్టుగా నడిపిన పథకం. కమ్యూనిస్టులతోటి మొదలుపెట్టి, నల్లజాతి ఉద్యమాలు, యుద్ధాన్ని వ్యతిరేకించిన విద్యార్థుల దాకా పోయింది. జాత్యహంకార క్లాన్ ముఠాల మీద కూడా నడిచింది. నిఘా ఒక్కటే కాదు, సంఘాలను లోపటినుంచి చీల్చుడు కూడా. దొంగపేర్లతో ఉత్తరాలు రాసి దోస్తుల నడుమ అనుమానం పెట్టిండ్రు. ఉద్యోగ మిత్రులు ఈ మాట వినాలె: యజమానులకు చెవులు కొరికి కొలువులు ఊడగొట్టిచ్చిండ్రు. 1975లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ కమిటీ ఈ తతంగమంతా తవ్వి తీసింది.

ఇక్కడ మనం నిజాయితీగా రెండు మాటలు ఒప్పుకోవాలె. తాళం తీసినోళ్లు లేకుంటే ఆ మాట బయటికొచ్చేది కాదు. చట్టం తెలిసినోడు లేకుంటే ఆ మాట వెనుక ఫైలు అంత తొందరగ బయటికొచ్చేది కాదు. ఒకరు తెగించిండ్రు, ఒకరు ఓపిక పట్టిండు. ఉద్యమాలకు ఇద్దరూ కావాలె. రెండో మాట: 1993లో స్టెర్న్ అదే న్యాయశాఖకు ప్రజా సంబంధాల అధికారిగా పోయిండు. తను దావా వేసిన ఇంట్లనే మూడేండ్లు కూసున్నడు. గది తప్పా ఒప్పా అని మేము మాలో మేము చానాసేపు కొట్లాడుకున్నం. తర్వాత జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిండు. మనిషి ఎటుపోయినా, ఆయన తెచ్చిన కాగితాలు మాత్రం జనం దిక్కే ఉన్నయి.

మనకూ 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. కేంద్ర కార్యాలయాలకైతే పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. సెక్షన్ 24 కింద నిఘా సంస్థలకు మినహాయింపు ఉంది. కానీ అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదని అదే సెక్షన్ల రాసుంది. ఎంతమందిమి చదివినం? నిలదీసుడు మనకు తెలుసు, నినాదం తెలుసు. దరఖాస్తు పెట్టి, అప్పీలుకు పోయి, ఏడాది దాకా ఆగే ఓపిక నేర్వలేదు. ఈ మాట ముందుగాల మాకు మేమే చెప్పుకుంటున్నం.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, లా చదువుండ్రి. నల్లకోటు వేసుకున్నా, మైకు పట్టుకున్నా ఆ చదువు పాడు కాదు. ‘చెప్పం’ అని ఆఫీసర్ అన్ననాడు ఇంటికి మర్రక, ‘ఏ సెక్షన్ కింద చెప్పరు?’ అని అడుగుండ్రి. ఆ ఒక్క ప్రశ్న అడగనీకే మీ చదువు.

సెలవు.