పేరు ఉంటేనే ఓటు



ఊళ్లో ఆడమనిషిని ఏమని పిలుస్తారు? "పెద్దింటి కోడలు", "రాములు పెండ్లాం", "బుజ్జిగాడి అమ్మ" అని పిలుస్తారు. సొంత పేరు రేషన్ కార్డులోనే ఉండిపోతుంది. పిలుపు ఏదైతేనేం అనిపిస్తుంది. కానీ ఓటు దగ్గర అలా కుదరదు.

తెల్లదొరల కాలంలో ఓటు అందరికీ లేదు. ఆస్తి ఉండాలి, పన్ను కట్టాలి, లేదా చదువు ఉండాలి. కూలికి పోయే ఆడమనిషికి ఓటు ఎక్కడిది? 1950లో మన రాజ్యాంగం అమలుకు వచ్చింది. ఆడా మగా, ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, చదువు వచ్చినా రాకున్నా, అందరికీ ఓటు ఇచ్చింది. అప్పట్లో 21 ఏళ్లు నిండాలి. 1989 నుంచి 18 ఏళ్లు నిండితే చాలు.

1951-52లో మొదటి ఎన్నికలు జరిగాయి. ముందుగా ఇల్లిల్లూ తిరిగి ఓటర్ల లిస్టు రాశారు. "అమ్మా, నీ పేరేంటి?" అని అడిగారు. చాలామంది ఆడవాళ్లు పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్యను, ఫలానా వాడి తల్లిని అన్నారు. పరాయివాళ్లకు పేరు చెప్పకూడదని వాళ్ల ఆచారం. బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వైపు ఇది ఎక్కువ. అప్పుడు ఎన్నికల పెద్ద అధికారి సుకుమార్ సేన్. సొంత పేరు ఉంటేనే లిస్టులో ఉంచాలని ఆయన పట్టుబట్టారు. చివరికి సుమారు 28 లక్షల మంది ఆడవాళ్లను లిస్టులోంచి తీసేశారు. చట్టం హక్కు ఇచ్చింది. పేరు చెప్పనందుకు అది చేజారింది.

ఈనాడు కూడా లిస్టులో పేరు ఉంటేనే ఓటు. చేతిలో కార్డు ఉన్నా, లిస్టులో పేరు లేకపోతే ఓటు వేయనివ్వరు. కొత్తగా పేరు ఎక్కించడానికి 6వ నంబరు ఫారం ఉంది. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. పెళ్లయి అత్తగారి ఊరు వచ్చిన పిల్ల పేరు పుట్టింటి లిస్టులోనే ఉండిపోతుంది. దాన్ని మార్చడానికి 8వ నంబరు ఫారం ఇవ్వాలి. ప్రతి బూత్‌కూ ఒక బీఎల్‌ఓ ఉంటారు. కొన్ని ఊళ్లలో అంగన్‌వాడీ టీచరే ఆ పని చూస్తుంది. ఎన్నికలు దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా ముందే అడగాలి.

అసెంబ్లీకి, పార్లమెంటుకు మిషన్ మీద ఓటు వేస్తారు. బూత్‌లో లిస్టు చూసి పేరు పిలుస్తారు. ఎడమ చేతి చూపుడు వేలికి సిరా గుర్తు పెడతారు. చాటుగా ఉన్న మిషన్ మీద నచ్చిన గుర్తు పక్కన బటన్ నొక్కాలి. పక్క పెట్టెలో ఆ గుర్తు ఉన్న చీటీ 7 సెకన్లు కనబడుతుంది. ఎవరికి వేసిందీ మొగుడికీ తెలియదు, మోతుబరికీ తెలియదు. చీర ఇచ్చినవాడికీ తెలియదు.

ఒకవేళ "నీ ఓటు ఎవరో వేసేశారు" అంటే వెనక్కి రావద్దు. బూత్ అధికారిని టెండర్ ఓటు అడగాలి. వివరాలు సరిపోతే కాగితం బ్యాలెట్ ఇస్తారు.

ఓటు వేసే ముందు రిజిస్టరు కూడా చూపిస్తారు. అందులో సంతకం పెట్టాలి, లేదా వేలిముద్ర వేయాలి. రాత్రి బడిలో పలక మీద దిద్దిన పేరు ఉంది కదా! ఈసారి ఆ పేరే అక్కడ రాయండి.