పైకి చూచుట



మా వీథిలోని పెద్దలొకరు ఒకనాటి సాయంకాలము అచ్చుపుస్తకమొకటి చేతబట్టుకొని మా అరుగుమీదికి వచ్చిరి. పట్టణమున చదువుచున్న వారి మనుమడు తాతగారినిగూర్చి ఇంగ్లీషున వ్రాసిన వ్యాసము కళాశాల పత్రికలో పడినదట. పొరుగింటి కుఱ్ఱవాడు నిఘంటువు దగ్గఱ పెట్టుకొని, అందొక వాక్యమునకు "మా తాతను నేను తలయెత్తి చూచుచున్నాను" అని అర్థము చెప్పినాడట. "నా యెదుట ఏనాడును కన్నెత్తి మాటాడనివాడు, అచ్చులో ఇట్లు వ్రాయునా?" అని ఆయన నన్నడిగిరి. అడుగునప్పుడు గొంతు వణకినది.

పుస్తకము చూచితిని. అందున్నది 'లుక్ అప్ టు' అను మాట. లుక్ అనగా చూచుట. అప్ అనగా పైకి. కుఱ్ఱవాడు విడిమాటలకు తప్పు చెప్పలేదు. కాని ఆ మూడును కలిసినప్పుడు పుట్టెడి అర్థము వేఱు: ఒకరి గుణములను మెచ్చి, వారిని తనకన్న ఉన్నతులుగా నెంచి గౌరవించుట. అధికారికి భయపడి పెట్టు దండమునకు ఈ మాట చెల్లదు. లోపల మెప్పు ఉండవలెను.

మనకిది వింత గాదు. సంస్కృతమున ఆహారము తిండి, ప్రహారము దెబ్బ, విహారము షికారు, సంహారము చంపుట. ముందు చేరిన ఉపసర్గయే ఇంత పని చేసినది. ఇంగ్లీషున అట్టి తునక క్రియకు వెనుక వచ్చును. పరదేశీయులకు మిక్కిలి చిక్కు కలిగించునవి ఇవియేయని శామ్యూల్ జాన్సన్ పండితుడు 1755లో ప్రకటించిన తన నిఘంటువు పీఠికలోనే చెప్పినాడు. చివరి 'టు' జారినచో, పదమును 'లుక్ అప్' చేయుట నిఘంటువున వెదకుట. మనుష్యుని 'లుక్ అప్' చేయుట వారియింటికి పోయి పలుకరించుట. 'లుక్ డౌన్ ఆన్' అనునది మన చిన్నచూపే. చిన్నచూపు మనకున్నది గాని, దానికెదురుగా పెద్దచూపు అనుట నేను వినలేదు. పెద్దలయెదుట మనము తల వంచుదుము. ఇంగ్లీషు నుడిలో తల యెత్తవలెను. కుఱ్ఱవాడు తడబడినది అచ్చటనే.

పిదప వ్యాసమంతయు తెలుగున చెప్పి వినిపించితిని. తాతగారు ఎడ్లజత నమ్మి కూతును చదివించిన సంగతి మనుమడు అందు వ్రాసినాడు. ఆయన చాలసేపు మాటాడలేదు. తుదకు కండువాతో కన్నులు తుడుచుకొని, ఆ 'టు' అనునది యెక్కడున్నదో వ్రేలుపెట్టి చూపుమనిరి.